గోడలోపలి గీత

కిందటి వారం మనం ఆమెను కాలువ వీధి చివర, చేతిలో టేపుతో, ఇరవై ఏడో ఇంటి గుమ్మం ముందు వదిలిపెట్టాం. ఆ ఇంటివాళ్ళు కూడా అంతకుముందు ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళు చెప్పిందే చెప్పారు. వరద వచ్చిన మాట నిజమే. ఎంత ఎత్తు వచ్చిందో గుర్తు లేదు. గోడలకు రంగులు వేయించి చాలాకాలమైంది. మరకలున్న ఇంటికి అద్దెకెవరొస్తారండీ, అని ఒకావిడ మాత్రం ఉన్నమాట అనేసి నాలిక కరుచుకుంది.

కథ ఇవాళే చేతికందినవారి కోసం నాలుగు ముక్కలు. ఆమె నగర కార్యాలయంలో భవనాల ప్లాన్లకు అనుమతులిచ్చే అధికారి. ఎంత అందమైన ప్లాను ముందు పెట్టినా "మట్టం ఎంత?" అన్నదే ఆమె మొదటి ప్రశ్న. అందుకే ఆఫీసులో ఆమెకు మట్టం మేడమ్ అని పేరు పడింది. మొదట్లో చాటుగా అనేవారు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు. కాలువ వీధీ, దాని చుట్టుపక్కలా అంతా లోతట్టు ప్రాంతం. తొమ్మిదేళ్ళ క్రితం వరద ముంచెత్తాక నగరం ఒక నిబంధన పెట్టింది. అక్కడ మనుషులు పడుకునే ఏ గది నేలైనా వరద వచ్చిన ఎత్తుకు కనీసం రెండడుగులు పైన ఉండాలి. కాలువ మీది కల్వర్టు రాయి నుంచి కొలిస్తే వరద ఎత్తు నాలుగడుగులని రిజిస్టరులో ఉంది. కాబట్టి గది నేల ఆరడుగుల మీద ఉండాలి. ఆ వీధిలో లేస్తున్న నర్సింగ్ విద్యార్థినుల హాస్టల్లో మాత్రం కింది గదుల నేల నాలుగున్నర దగ్గరే పరిచేశారు. ఆమె పని ఆపించి నోటీసు అంటించింది.

హాస్టల్ యజమాని తలవంచే మనిషి కాదు. వరద రెండున్నర అడుగులు దాటలేదనీ, రిజిస్టరులో అంకె ఎవరో కుర్చీలో కూర్చుని రాసిందనీ అన్నాడు. ఋజువు చూపమన్నాడు. చూద్దామంటే, ఆ అంకె పుట్టిన కొలతల పుస్తకం ఆఫీసు బీరువాల్లో ఎక్కడా దొరకలేదు. ఆమెకు పై అధికారి, ఉద్యోగంలో ఆమెకు పని నేర్పినవాడు, అందరూ పెద్దసారు అని పిలిచే మనిషి, గురువారం పదకొండు గంటలకు వీధిలోనే విచారణ పెట్టాడు. ఎవరి ఋజువు వాళ్ళు తెచ్చుకోవాలి. ఆమె తేలేకపోతే నోటీసు రద్దు.

ఇంకొక్క మాట మిగిలింది. ఆ హాస్టల్ కడుతున్న మేస్త్రి ఆమె సొంత అక్క భర్త.

* * *

గురువారం ఉదయం ఆరున్నరకు ఆమె అక్క ఇంటి తలుపు తట్టింది.

కాలువ వీధి మధ్యలో, రెండు గదులూ వంటిల్లూ ఉన్న ఇల్లు. అక్క తలుపు తీసింది కానీ పక్కకు జరగలేదు. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. ముందుగదిలో కిటికీ పక్క గోడను ఆనించి కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన స్కూలు యూనిఫారాల గుట్ట. నోటీసు పడి రెండు వారాలైంది. ఆ రెండు వారాలూ అక్కాచెల్లెళ్ళ మధ్య ఒక్క ఫోను లేదు.

"చెల్లెలివైతే లోపలికి రా, టీ పెడతాను. ఆఫీసరువైతే గుమ్మంలోనే అడుగు, ఏం అడగాలో" అంది అక్క.

"టీ తాగుతూ అడుగుతాను."

అక్కకు నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆపుకున్నా పక్కకైతే జరిగింది.

బావ పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన కూర్చుని తాపీకి అంటిన పాత సిమెంటు గీకుతున్నాడు. పనిలేని మేస్త్రి పనిముట్లు తోముకుంటాడని ఆయనే ఒకప్పుడు నవ్వుతూ అనేవాడు. మరదలిని చూసి తల ఊపాడు, అంతే. ఆమె తలకిందులుగా ఉన్న బకెట్టు మీద కూర్చుంది. బతిమాలడానికి రాలేదు. రాత్రంతా ఒకటే ఆలోచించి, అడగవలసిన మాట ఒక్కటే అని తేల్చుకుని వచ్చింది.

"వరద తర్వాత ఈ వీధి గోడలకు ప్లాస్టరింగ్ చేసిందెవరు బావా?"

గీకుడు ఆగలేదు. "నేనే."

"ఎన్ని ఇళ్ళు?"

"ముప్పై రెండు."

"అయితే ఆ పూత కింద ఏముందో మీకు తెలుసు."

ఇప్పుడు ఆగింది. ఆయన తాపీని తిరగేసి చూసుకున్నాడు. ఇల్లుగలవాడు కప్పమన్నదాన్ని మేస్త్రి బయటపెట్టకూడదన్నాడు. రోగి సంగతి డాక్టరు పదిమందిలో చెప్పడు, తనకు గోడా అంతేనన్నాడు. ఆ మాటలో పంతం లేదు. ముప్పై ఏళ్ళుగా నమ్మిన ధర్మం ఉంది. 

ఆమె దానితో వాదించకుండా, పదకొండు గంటలకు ఏం జరగబోతోందో ఉన్నదున్నట్టు చెప్పింది. ఋజువు లేకపోతే మధ్యాహ్నానికి నోటీసు చింపేస్తారు. రేపటినుంచి పని మొదలవుతుంది. నాలుగు నెలల్లో కింది అంతస్తు పన్నెండు గదుల్లో గదికి నలుగురు చొప్పున నలభై ఎనిమిది మంది ఆడపిల్లలు చేరతారు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు తలుపులేసుకుని ఒళ్ళు తెలియకుండా పడుకుంటారు.

"ఆ గదుల నేల పరిచింది మీరే. నాలుగున్నర దగ్గర ఆపమన్నప్పుడు మీరేమీ అనలేదా?"

"అన్నాను. యజమానికి రెండుసార్లు చెప్పాను, ఎత్తు చాలదని. పైన ఇంకో అంతస్తు రావాలంటే కింద తగ్గాల్సిందే అన్నాడు."

"మూడోసారి?"

"మూడోసారి నోరు మూసుకున్నాను. నా వెనక పద్నాలుగు మంది కూలీలున్నారు."

అక్క టీ గ్లాసులు తెచ్చింది. చెల్లెలి చేతిలో గ్లాసు పెడుతూనే మందలించింది. రెండు వారాలుగా ఆయన కంటిమీద కునుకు లేదనీ, ఇంకా ఎందుకు రంపంతో కోస్తావనీ అంది. ఊళ్ళో ఇన్ని కట్టడాలుంటే నీ చట్టానికి మా ఆయన కట్టే బిల్డింగే దొరికిందా అంది. తర్వాత, మాటల వేగంలో, ఇంకొకటి కూడా అనేసింది.

"అసలు అంత వరదేమొచ్చిందే? మా అత్తగారు మంచంలో ఉన్న మనిషి. బల్లమీదికి మంచం ఎక్కించారు మీ బావ. నీళ్ళు ఆ మంచాన్ని కూడా అంటలేదు. దానికింత రాద్ధాంతమా?"

బావ తాపీని తొట్టి గట్టు మీద పెట్టాడు.

"తగిలాయి" అన్నాడు.

అక్కకు అర్థం కాలేదు. ఏమిటి తగిలాయి అంది.

"నీళ్ళు. మంచానికి తగిలాయి. మంచం దాటి వచ్చాయి."

* * *

ఆయన చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. తొమ్మిదేళ్ళు దాచిన సంగతి నాలుగైదు నిమిషాల్లో అయిపోయింది.

ఆ తెల్లవారుజామున నీళ్ళు గడప దాటగానే ఆయన తల్లి పడుకున్న మంచాన్ని ముందుగదిలో బల్లమీదికి ఎక్కించాడు. నేల నుంచి మంచం నాలుగడుగుల ఎత్తుకు చేరింది. అంతకు మించి రావని మైకులో చెప్పుకుంటూ వెళ్ళారు, ఆయనా నమ్మాడు. మొదట భార్యనూ ఇద్దరు పిల్లలనూ వీధి చివరి మేడకు చేర్చాడు. అమ్మ కోసం వెనక్కి తిరిగేసరికి కాలువ గట్టు తెగింది. మామూలుగా రెండు నిమిషాల దారి. కిటికీ ఊచలు పట్టుకుంటూ, ఈదుకుంటూ రావడానికి గంటన్నర పట్టింది. గదిలోకి వచ్చేసరికి తల్లి మంచం మీద కూర్చుని ఉంది. నడుము దాకా నీళ్ళు. రెండు చేతులతో కిటికీ చువ్వ పట్టుకుని, కొడుకును చూసి, పిల్లలు బాగున్నారా అని అడిగింది. ఆమెను భుజాన వేసుకుని బయటపడ్డాడు. నాలుగో రోజు ఆస్పత్రిలో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆవిడ పోయింది. ముసలితనం, జ్వరం అని అందరికీ చెప్పాడు. భార్యకూ అదే చెప్పాడు.

నీళ్ళు తీశాక ఆ వీధిలో ఆయన మొట్టమొదట పూత వేసింది తన ముందుగది గోడకే. పూసే ముందు, నీళ్ళు వచ్చిన గీత దగ్గర ఉలితో ఇటుకలో ఒక గాటు పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియదు. గాటు దాకా కొత్త పూత, దాని పైన పాతది అని పనివాళ్ళకు గుర్తుగా ఉంటుందనుకున్నాడు. తర్వాత మిగతా ముప్పై ఒక్క ఇళ్ళలోనూ అలాగే పెట్టాడు. చేతికి అలవాటైపోయింది.

"ప్రతి ఇంట్లోనూ ఉందా?" అంది మరదలు. 

"ప్రతి ఇంట్లోనూ."

ఆమె అక్కవైపు చూసింది. అక్క భర్తవైపు చూస్తోంది. అక్క చేతిలో టీ చల్లారిపోయింది.

"తొమ్మిదేళ్ళు నాకు చెప్పలేదు మీరు" అంది అక్క.

"చెబితే ఆ గదిలో కూర్చుని కుట్టగలిగేదానివా?"

"కుట్టేదాన్ని. మీ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని కూడా. అది కూడా లేకుండా ఒక్కరే మోశారు."

ఆయన అరచేతిలో ఆరిన సిమెంటు పెచ్చును బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. చెల్లెలు లేచి గోడవైపు తిరిగి నిలబడింది. వాళ్ళిద్దరి మధ్య తను ఉండకూడని క్షణమది. పోదామంటే పెరటి తలుపు ఒక్కటే, దానికి అడ్డంగా అక్క.

కొంతసేపటికి అక్క లోపలికి వెళ్ళింది. ముందుగదిలోంచి బరువుగా ఏదో ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. ఇద్దరూ వెళ్ళి చూస్తే యూనిఫారాల గుట్ట నేలమీద ఉంది. అక్క కుట్టుమిషనును రెండు చేతులతో పట్టుకుని గోడ దగ్గరనుంచి జరుపుతోంది.

"చూస్తారేమండీ, రెండో వైపు పట్టుకోండి" అంది భర్తతో. చెల్లెలివైపు తిరిగి, "నువ్వు వెళ్ళి మీ పెద్దసారును ఇక్కడికే రమ్మను. మా గోడ మాది. పగలగొట్టుకోవడానికి మాకెవరి అనుమతీ అక్కర్లేదు" అంది.

* * *

పదకొండయ్యేసరికి ఆ చిన్న గది కిక్కిరిసిపోయింది. పెద్దసారు తలుపు పక్కన నిలబడ్డాడు. ఎనిమిది నెలల్లో రిటైరవబోయే మనిషి. జేబులో రెండు కళ్ళజోళ్ళు, దూరానికొకటి, దగ్గరికొకటి. సర్వేయరు బయట వీధిలో మూడు కాళ్ళ పరికరం నిలబెట్టి, కల్వర్టు రాయి మీది ఎత్తును కొలకర్రతో గుమ్మం దాకా తెచ్చి పెట్టుకున్నాడు. హాస్టల్ యజమాని తన ఇంజనీరుతో వచ్చాడు. లోపల తన మేస్త్రి ఉలి పట్టుకుని ఉండటం చూసి, నువ్వేంటి ఇక్కడ అన్నాడు.

"ఇది మా ఇల్లండీ" అన్నాడు మేస్త్రి.

ఆ మాటకు గుమ్మం బయట చేరిన వీధివాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. యజమాని నవ్వలేదు.

మేస్త్రి సుత్తి పిడితో గోడను కింది నుంచి పైదాకా తట్టుకుంటూ వెళ్ళాడు. ఒకచోట చప్పుడు మారింది. పెన్సిలుతో నిలువుగా జానెడు వెడల్పు పట్టీ గీసి, ఉలి పెట్టాడు. ఆయన చెయ్యి తేలిక. పెచ్చులు పెచ్చులుగా పూత రాలి, అక్క పరిచిన పాత దుప్పటి మీద పడింది. నేల నుంచి అడుగున్నర ఎత్తున మట్టి మరక బయటపడింది. రెండంగుళాల మందాన, ముదురు గోధుమరంగులో, ఎవరైనా గుర్తుపట్టేలా ఉంది.

సర్వేయరు కొలకర్ర పెట్టించి చూశాడు. ఇంటి నేలే రాయికి రెండున్నర అడుగుల ఎత్తున ఉంది, మరకతో కలిపి కల్వర్టు రాయి నుంచి నాలుగడుగుల అరంగుళం అన్నాడు.

రిజిస్టరులో ఉన్న అంకె అదే. యజమాని చెప్పిన రెండున్నర గాలికి పోయింది. పెద్దసారు ముఖం తేటపడింది. నోటీసు నిలిచినట్టే, ఇక కాగితం రాసుకుందామన్నాడు. మట్టం మేడమ్ కూడా ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. రెండు వారాల పోరాటం ఆ మరక దగ్గర గెలిచింది. అక్కడితో ఆపేస్తే అందరూ ఇళ్ళకు పోవచ్చు.

ఆ అడుగున్నర మరక అడుగున, నేల మీద, పొద్దుటి దాకా కుట్టుమిషను నిలిచిన గుర్తులున్నాయి. ఆమె అక్కవైపు చూసింది. అక్క మరకవైపు చూడటం లేదు. భర్త చేతివైపు చూస్తోంది. ఆ చేతిలో ఉలి ఇంకా పైకి లేచే ఉంది.

"ఇంకా కొట్టండి బావా" అందామె.

పెద్దసారు ఆశ్చర్యంగా చూశాడు. మేస్త్రి కొట్టుకుంటూ పోయాడు. పట్టీ ఆయన నడుము దాటింది, ఛాతీ దాటింది. ఆయన గడ్డం ఎత్తుకు వచ్చాక ఉలి పక్కన పెట్టి, అరచేత్తో దుమ్ము తుడిచాడు. ఇటుకలో వేలు దూరేంత గాటు. ఆ గాటు మీదుగా, పెన్సిలుతో గీసినట్టు సన్నగా, నల్లటి గీత.

 సర్వేయరు రెండుసార్లు చూసుకుని చదివాడు. ఏడడుగుల ఆరంగుళాలు.

యజమాని ఇంజనీరు ముందుకొచ్చాడు. తెలివైనవాడే. ఇది నీళ్ళు వచ్చిన ఎత్తు కాదన్నాడు. ఇటుక చెమ్మను పీల్చుకుంటుంది, చెమ్మ నీటి మట్టం కంటే పైకి పాకుతుంది, పాకి ఆగినచోట గీత పడుతుంది, ఇది పుస్తకాల్లో ఉన్న సంగతేనన్నాడు. పెద్దసారు తల పంకించాడు. మాటలో విషయం ఉంది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. పెద్దల ముందు మాట్లాడే అలవాటు ఆయనకు లేదు.

"చెమ్మ పాకితే వంకరగా పాకుతుందండీ. ఒకచోట జానెడు, ఒకచోట మూరెడు. ఇది చూడండి, నూలు పట్టి గీసినట్టుంది. ఇది చెమ్మ కాదు, నూనె. వీధి మొదట్లో మెకానిక్ షెడ్డు ఉండేది. డ్రమ్ములు బోర్లాపడి ఇంజనాయిలంతా నీళ్ళమీద తేలింది. నూనె ఎప్పుడూ నీటి నెత్తిమీదే ఉంటుంది. ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే గీత గీస్తుంది."

ఆ రోజు తెల్లవారుజామున నీళ్ళు ఇక్కడిదాకా లేచి, రెండు మూడు గంటలు నిలిచి, గట్టు ఇంకోచోట తెగడంతో కిందికి జారాయనీ, కింది మరక దగ్గర మూడు రోజులు నిలవడం వల్ల అక్కడే మట్టి దళసరిగా పేరుకుందనీ చెప్పాడు. ఆఫీసువాళ్ళు కొలతలకు వచ్చింది ఐదో రోజున. కళ్ళకు ఏది కొట్టొచ్చినట్టు కనబడిందో దానికే టేపు పెట్టి వెళ్ళారు.

పెద్దసారు దగ్గరి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. గీత మీద వేలు రాసి, ఆ వేలిని వాసన చూశాడు. ఒక్క గోడను బట్టి తేల్చలేం, ఇంకో రెండు ఇళ్ళలో చూద్దామన్నాడు.

ఎదురింటివాళ్ళు కాస్త గొణిగి ఒప్పుకున్నారు. పక్కనున్న ప్రింటింగ్ ప్రెస్సాయన ఒప్పుకోలేదు. గోడ పగిలితే తన ప్రెస్సు పరువు పోతుందన్నాడు. మట్టం మేడమ్ చట్టం చెప్పబోతే అక్క ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపి, తానే లోపలికి వెళ్ళింది. అక్కడ ఏం మాట్లాడిందో బయటివాళ్ళకు వినపడలేదు. పది నిమిషాల తర్వాత ప్రెస్సాయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, తానే కాగితం రీములు గోడ దగ్గరనుంచి జరపడం మొదలుపెట్టాడు.

ఎదురింట్లో ఏడడుగుల ఆరంగుళాలు. ప్రెస్సులో ఏడడుగుల ఐదున్నర అంగుళాలు.

* * *

పెద్దసారు ఆమెను ప్రెస్సు వసారాలోకి పిలిచాడు. రోడ్డువైపు చూస్తూ, ఆ ఐదో రోజున టేపు పట్టుకుని వచ్చినవాళ్ళలో తానూ ఉన్నానని చెప్పాడు. బురదలో నడవలేక, దళసరిగా కనబడిన మరక దగ్గర కొలిచి, రాసుకుని, వెళ్ళిపోయామన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన సాకులు వెతకలేదు.

"కానీ ఒకటి ఆలోచించమ్మా. హాస్టల్ను ఆపడానికి నాలుగడుగులు చాలు. నీ నోటీసు నిలుస్తుంది. ఆ పిల్లలకు ప్రమాదం తప్పుతుంది. పై గీత సంగతి నేను రిటైరయ్యేలోపు మెల్లగా, ఒక కమిటీ వేసి చూద్దాం. ఇవాళే ఏడున్నర అని రాశావనుకో, ఆరడుగుల మీద కట్టిన ప్రతి భవనం మునిగే భవనమే అవుతుంది. ఈ లోతట్టులో అలాంటివి ఎన్ని ఉన్నాయో తెలుసా?"

"అరవై ఒకటి."

"వాటి మీద సంతకం?"

"నాదే. అరవై ఒకటీ నావే."

"అదే చెబుతున్నాను. నువ్వు తప్పు చేయలేదు. నీకిచ్చిన అంకెను బట్టి ఇచ్చావు. కానీ జనం అలా చూడరు."

 అరవై ఒక్క ప్లాన్లూ ఆమెకు గుర్తున్నాయి. ప్రతిదాన్నీ రెండుసార్లు లెక్కచూసి, ఆరడుగులకు అంగుళం తగ్గితే వెనక్కి పంపిన రోజులున్నాయి. తిట్టించుకున్న రోజులున్నాయి. అంత గట్టిగా కాపలా కాసిన గీత ఉండవలసినచోట లేదు. ఆ నేలల మీద ఇవాళ మనుషులు మంచాలు వేసుకుని పడుకుంటున్నారు. నమ్మినందుకు. మైకు మాట విని ఒక మనిషి బల్లమీద మంచం ఎక్కించినట్టు.

"సార్, మీరు నాకు మొదటిరోజు నేర్పింది ఒకటే. కొలిచింది రాయి, రాయాలనుకున్నది రాయకు అన్నారు. నేను కొలిచాను."

పెద్దసారు జేబులోంచి కలం తీసి, మూత తిప్పి, ఆమెకు ఇచ్చాడు. నువ్వు రాస్తే కింద నేనూ సంతకం పెడతానన్నాడు. పెట్టాడు కూడా.  అక్షరం చెదరలేదు.

ఆమె వీధిలోకి వచ్చి, అందరికీ వినపడేలా, వరద మట్టం ఏడడుగుల ఆరంగుళాలుగా నమోదు చేసినట్టు చదివింది. హాస్టల్ పని ఆగినట్టే. కింది పన్నెండు గదులూ తీసేయాలి. యజమాని మేస్త్రివైపు తిరిగి, రేపటినుంచి నువ్వూ నీ మనుషులూ నా గేటు తొక్కొద్దన్నాడు. మేస్త్రి చేతులు దులుపుకుని, మంచిదండీ అన్నాడు. తర్వాత యజమాని ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"బాగుంది మేడమ్. మరి నా ఒక్కడితోనే ఆపేస్తారా? అదిగో, మలుపులో కిడ్నీ ఆస్పత్రి. ఆరడుగుల మీద కట్టారు. మీ కొత్త లెక్కలో అది అడుగున్నర నీళ్ళలో ఉంటుంది. రోజూ ముప్పై మంది మంచాలకు, మిషన్లకు అతుక్కుని పడుకుంటారక్కడ. దానికి అనుమతిచ్చిన మహానుభావులెవరో?"

"నేనే" అందామె. "పదండి, అక్కడికే వెళ్తున్నాను. మీరూ రావచ్చు."

యజమాని రాలేదు. అక్క వచ్చింది. ఏమీ అడగకుండా చెల్లెలి పక్కన నడిచింది. మెడలో టేపు అలాగే ఉంది, జుట్టు నిండా సిమెంటు దుమ్ము.

ఆస్పత్రి వసారాలో రోగుల కోసం వేసిన బల్లమీద కూర్చుని ఆమె నోటీసు ఫారం నింపింది. భవనం చిరునామా. ఉల్లంఘన వివరం. కింద ఒక గడి ఉంటుంది: అనుమతి ఇచ్చిన అధికారి. తొమ్మిదేళ్ళలో ఆ గడిలో ఎంతోమంది పేర్లు రాసింది. ఇవాళ తన పేరు రాసింది. అక్షరం అక్షరం విడివిడిగా, ఎవరూ చదవలేకపోయామని అనకుండా రాసింది. జిగురు డబ్బా మూత తీసి తలుపు దగ్గరికి వెళ్ళింది.

తలుపు లోపలినుంచి తెరుచుకుంది. ఆస్పత్రి నడిపే డాక్టరమ్మ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, తెల్లకోటు చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. వీధిలో జరిగింది ఆవిడకు అప్పటికే చేరినట్టుంది. నోటీసు అందుకుని, నిలబడే మొత్తం చదివింది. చివరి గడి దగ్గర ఆగి, ఎదురుగా ఉన్న ముఖాన్ని చూసింది.

"మీ పేరు మీరే రాసుకున్నారు" అంది. "అయితే మీకు చూపించొచ్చు."

"ఏమిటి?"

డాక్టరమ్మ కోటు జేబులోంచి తాళంచెవి తీసింది. పక్కకు తిరిగి, మందుల గదికీ మెట్లకూ మధ్యనున్న సన్నటి తలుపు తాళం తీసింది. లోపల చీకటి. చల్లటి గాలి వాళ్ళ ముఖాలకు తగిలింది. దానితోపాటు తడిసిన సున్నం వాసన.

"ఈ కాగితం అంటించే ముందు ఒక్కసారి నాతో కిందికి రండి."

అక్క చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెల్లెలు కదల్లేదు. ఆ భవనం ప్లాను ఆమెకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది, అది ఆమె మొట్టమొదటి సంతకం.

ఆ ప్లానులో నేలకింద అంతస్తే లేదు.